కేబుల్ చివర రెసిస్టర్ ఎందుకు? టెర్మినేషన్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కేబుల్ అంటే రెండు చివరలను కలిపే రాగి తీగే కదా! ఏ పరికరమూ లేని చోట, తీగ చివర రెసిస్టర్ బిగించాలని ఎందుకంటారు? మల్టీమీటర్‌తో చూస్తే నా కేబుల్ ఎక్కడా తెగలేదు. అయినా డేటా తప్పుగా వస్తోంది.

జవాబు: మల్టీమీటర్ నిలకడగా పారే కరెంటును మాత్రమే చూస్తుంది. సున్నా నుంచి ఒకటికి ఓల్టేజి మారే ఆ కొద్ది నానోసెకన్లలో ఏం జరిగిందో దానికి తెలియదు. మీ సమస్య సరిగ్గా అక్కడే ఉంది.

మామూలు కో-ఆక్సియల్ కేబుల్‌లో (మధ్యలో ఒక తీగ, చుట్టూ లోహపు అల్లిక) సిగ్నల్ కాంతి వేగంలో మూడింట రెండు వంతుల వేగంతో, అంటే నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్ల చొప్పున పోతుంది. 10 మీటర్లు దాటడానికి 50 నానోసెకన్లు కావాలి. ఆలోగా అవతలి చివర ఏముందో పంపే చిప్‌కు తెలిసే దారే లేదు. మరి ఎంత కరెంటు పంపాలో ఎవరు నిర్ణయిస్తారు? కేబులే. తీగకు మీటరుకు ఇంత ఇండక్టెన్స్, తీగకూ పై అల్లికకూ మధ్య మీటరుకు ఇంత కెపాసిటెన్స్ ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదే ఆ కేబుల్ ఇంపెడెన్స్. ఆర్‌జీ-58 కేబుల్‌లో మీటరుకు సుమారు 250 నానోహెన్రీలు, 100 పికోఫారడ్లు ఉంటాయి. లెక్క కడితే 50 ఓమ్‌లు. కేబుల్ ఒక మీటరున్నా వంద మీటర్లున్నా ఇది మారదు. మల్టీమీటర్‌తో కొలిస్తే దొరకదు కూడా.

ఇప్పుడు 5 ఓల్టుల చిప్ ఒకటి, దాని అంతర్గత నిరోధం 10 ఓమ్‌లు అనుకోండి. దాన్ని 50 ఓమ్‌ల కేబుల్‌కు కలిపితే మొదట కేబుల్‌లోకి వెళ్ళేది 5 ఓల్టులు కాదు, 4.17 ఓల్టులు. దాంతోపాటు 83 మిల్లీయాంపియర్ల కరెంటు. ఇది అవతలి చివరకు చేరేసరికి అక్కడ తీగ ఖాళీగా ఉంది. కరెంటు ముందుకు పోలేదు, మాయమూ కాలేదు. అందుకే అంతే ఎత్తున్న ఇంకో అల వెనక్కి బయలుదేరుతుంది. రెండూ కలిసి ఆ చివర ఓల్టేజి 8.33కు ఎగురుతుంది. వెనక్కి వచ్చిన అల 10 ఓమ్‌ల చిప్‌కు తగిలి, ఈసారి తలకిందులై మళ్ళీ ముందుకు వెళుతుంది. అవతలి చివర ఓల్టేజి 8.33 నుంచి 2.78కి పడుతుంది, 6.48కి లేస్తుంది, 4.01కి దిగుతుంది, ఇలా ఊగి ఊగి 5 దగ్గర నిలుస్తుంది. 10 మీటర్ల కేబుల్‌లో ఒక్కో మెట్టూ 100 నానోసెకన్లు ఉంటుంది.

అందుకునే చిప్ 3.5 ఓల్టులు దాటితేనే ‘ఒకటి’గా లెక్కించే రకమైతే, 2.78 దగ్గర అది మళ్ళీ తడబడుతుంది. డేటా తీగలో ఇది జరిగితే, ఊగడం ఆగాక చదివే ఏర్పాటు ఉన్నప్పుడు ఇబ్బంది రాకపోవచ్చు. డేటాను ఎప్పుడు చదవాలో చెప్పే క్లాక్ తీగలోనో, స్ట్రోబ్ తీగలోనో జరిగితే మాత్రం ఒక్క అంచును రెండుగా లెక్కపెట్టేస్తుంది. ఒక బైటు అదనంగా వచ్చినట్టో, అంతా ఒక స్థానం జరిగినట్టో కనిపించే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇదే.

చివర 50 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అలకు అది మరికొంత పొడవున్న అదే కేబుల్‌లా కనిపిస్తుంది. అల అందులోకి పోయి వేడిగా మారిపోతుంది, వెనక్కి వచ్చేదేమీ ఉండదు. ఇలా కొసన రెసిస్టర్ పెట్టడమే టెర్మినేషన్, ఆ రెసిస్టరే టెర్మినేటర్. విలువ సరిపోకపోతే ఎంత భాగం తిరిగి వస్తుందో ఇలా తెలుసుకోవచ్చు: రెసిస్టర్ విలువలోంచి కేబుల్ ఇంపెడెన్స్ తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగించాలి. 50 ఓమ్‌ల కేబుల్‌కు 75 ఓమ్‌లు పెడితే 25 బై 125, అంటే ఐదోవంతు తిరిగి వస్తుంది. అసలేమీ పెట్టకపోతే అంతా తిరిగి వస్తుంది. చివర షార్ట్ అయినా అంతా వస్తుంది, కాకపోతే తలకిందులుగా.

ఏ కేబుల్‌కు ఇది అవసరమో తేల్చేది క్లాక్ వేగం కాదు, సిగ్నల్ అంచు ఎంత నిటారుగా లేస్తుందన్నది. అల వెళ్ళి వచ్చే సమయం అంచు లేచే సమయాన్ని మించితే టెర్మినేషన్ తప్పదు. 5 నానోసెకన్లలో లేచే అంచుకు అర మీటరు కేబులే హద్దు. అంతకు చాలా లోపే, కొన్ని అంగుళాల నుంచే, ఊగులాట కనిపించడం మొదలవుతుంది. పాత సీరియల్ పోర్టు ఆర్‌ఎస్-232కు టెర్మినేటర్ అక్కర్లేకపోవడానికి కారణమూ ఇదే. దాని ఓల్టేజి మైక్రోసెకనుకు 30 ఓల్టులకు మించి మారకూడదని ప్రమాణమే కట్టడి చేసింది. అంత నిదానంగా లేచే అంచు పైకి చేరేలోపే ప్రతిబింబాలు, అంటే తిరిగి వచ్చే అలలు, అన్నీ సర్దుకుంటాయి.

ప్రశ్న: పాత కంప్యూటర్‌లో 50 పిన్నుల స్కజీ కేబుల్‌పై (డిస్కులను వరసగా ఒకే కేబుల్‌కు తగిలించే పాత పద్ధతి) మూడు హార్డ్ డిస్కులున్నాయి. భద్రంగా ఉంటుందని మూడింటికీ టెర్మినేషన్ జంపర్ పెట్టాను. కంట్రోలర్ కార్డుకూ ఉంది. అయినా ఒక్కోసారి డిస్కులు కనిపించవు, పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తే చెడిపోతున్నాయి.

జవాబు: టెర్మినేటర్లు ఎన్ని ఎక్కువైతే అంత భద్రమనుకోవడం స్కజీలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. కావలసినవి రెండే. అవి కేబుల్ రెండు భౌతిక కొసల్లోనే ఉండాలి. డిస్క్ ఐడీ నంబరుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఐడీ 6 ఉన్న డిస్క్ మధ్యలో ఉంటే దానికి టెర్మినేషన్ తీసేయాలి, ఐడీ 0 కొసన ఉంటే దానికే పెట్టాలి.

నాలుగు ఉంటే ఏమవుతుందో లెక్క చూడండి. యాక్టివ్ టెర్మినేటర్ (లోపల ఓల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఉన్న రకం) ప్రతి సిగ్నల్ తీగనూ 110 ఓమ్‌ల ద్వారా 2.85 ఓల్టులకు లాగి పట్టుకుంటుంది. డిస్క్ చిప్ ఆ తీగను 0.5 ఓల్టులకు దించాలంటే ఒక్కో టెర్మినేటర్ నుంచి 21 మిల్లీయాంపియర్లు మింగాలి. రెంటికి 43. స్కజీ డ్రైవర్ చిప్ 48 మింగగలిగేలా తయారైంది కాబట్టి సరిపోతుంది. మూడైతే 64, నాలుగైతే 85 అవుతుంది. చిప్ అంత లాగలేదు, తీగ కిందికి పూర్తిగా దిగదు. సిగ్నల్ ఉందా లేదా అన్నది అప్పటి వేడి మీదా ఓల్టేజి మీదా ఆధారపడుతుంది. మీ డిస్కులు ‘ఒక్కోసారి’ మాత్రమే మాయమవడానికి కారణం అదే. ఎక్కువ కాలం ఇలా నడిపితే డ్రైవర్ చిప్పులు వేడెక్కి పాడయ్యే ప్రమాదమూ ఉంది.

కంప్యూటర్ ఆపి, కేబుల్‌ను పూర్తిగా చూడండి. కంట్రోలర్ ఒక కొసన ఉంటే దాని టెర్మినేషన్ ఉంచండి. అవతలి కొస కనెక్టర్‌కు తగిలించిన డిస్క్‌కు ఉంచండి. మధ్యలోని రెంటికీ తీసేయండి. కొస కనెక్టర్ ఖాళీగా వేలాడుతుంటే చివరి డిస్క్‌ను దానికి మార్చండి, ఖాళీ తోక మిగలకూడదు. కంట్రోలర్‌కు లోపలి కేబుల్‌తోపాటు బయటి కేబుల్ కూడా తగిలిస్తే అప్పుడు కంట్రోలర్ కొస కాదు, మధ్య. దాని టెర్మినేషన్ తీసేసి లోపలి కొసన ఒకటి, బయటి కొసన ఒకటి ఉంచాలి.

టెర్మినేటర్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూసుకోవాలి. 50 పిన్నుల కేబుల్‌లో 26వ పిన్ను టెర్మ్‌పవర్. అక్కడ 4.25 నుంచి 5.25 ఓల్టుల మధ్య ఉండాలి. కంట్రోలర్ కార్డు మీది చిన్న ఫ్యూజు పోతే ఇది సున్నా అవుతుంది, రెండు టెర్మినేటర్లూ ఉన్నచోటే ఉండి నిరర్థకమవుతాయి. ఇలాంటప్పుడు డిస్కులన్నీ మార్చి చూసినా ఫలితముండదు. ముందు మల్టీమీటర్ పెట్టి ఈ ఒక్క పిన్ను కొలవండి.

మీ టెర్మినేటర్లు పాతకాలపు పాసివ్ రకమైతే వాటిలో 5 ఓల్టులకు 220 ఓమ్‌లు, గ్రౌండుకు 330 ఓమ్‌లు ఉంటాయి. కలిపి చూస్తే 3 ఓల్టులకు 132 ఓమ్‌లతో లాగినట్టు. టెర్మ్‌పవర్ తగ్గితే వీటి ఓల్టేజి కూడా తగ్గుతుంది. యాక్టివ్ రకంలో రెగ్యులేటర్ ఉంటుంది కనుక ఆ తేడా సిగ్నల్ మీద పడదు. వీలైతే రెండు కొసల్లోనూ యాక్టివ్ రకమే పెట్టండి.

ఇంకొక్క చోట చాలామంది చిక్కుకుంటారు. 68 పిన్నుల కేబుల్‌ను మధ్యలో 50 పిన్నులకు మార్చే అడాప్టర్ వాడితే పై ఎనిమిది డేటా తీగలూ, వాటి ప్యారిటీ (తప్పులు పట్టే) తీగా మొత్తం తొమ్మిది అక్కడే ఆగిపోతాయి. ఆ తొమ్మిదింటికి అడాప్టర్‌లోనే టెర్మినేషన్ ఉన్న రకం కొనాలి.

ప్రశ్న: బీఎన్‌సీ కనెక్టర్ల పాత నెట్‌వర్క్‌లో కొసనున్న ఒక కంప్యూటర్‌ను తీసేశాం. మిగతావన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కేబుల్ మాత్రం ఎక్కడా తెగలేదు.

జవాబు: కంప్యూటర్‌తోపాటు టీ ఆకారపు కనెక్టర్‌నూ, దాని మీది 50 ఓమ్‌ల టెర్మినేటర్‌నూ తీసేసి ఉంటారు. ఈ సన్న కో-ఆక్సియల్ ఈథర్‌నెట్‌లో ప్రతిబింబం ఒక్కటే సమస్య కాదు. ఇక్కడ ప్రతి కార్డూ కేబుల్‌లోకి నిర్ణీతమైన కరెంటు పంపుతుంది, సగటున 41 మిల్లీయాంపియర్లు. రెండు కొసల్లోని 50 ఓమ్‌లూ కలిసి 25 ఓమ్‌లవుతాయి కాబట్టి కేబుల్ మీద సుమారు ఒక ఓల్టు ఏర్పడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు ఓల్టులవుతుంది, దాన్ని బట్టే కార్డు ఘర్షణ జరిగిందని గుర్తిస్తుంది. ఒక టెర్మినేటర్ పోతే 25 కాస్తా 50 అవుతుంది. ఒక్కరే మాట్లాడినా రెండు ఓల్టులు. ప్రతి కార్డూ ఎవరో అడ్డొచ్చారనుకుని ఆగి, మళ్ళీ ప్రయత్నించి, మళ్ళీ ఆగుతుంది. ఒక్క ముక్క ఊడితే అందరూ ఆగిపోవడం అందువల్లే.

కంప్యూటర్లన్నీ ఆపి, ఒక టీని కార్డు నుంచి విడదీసి (రెండు పక్కల కేబుళ్ళు దానికే ఉండాలి) మధ్య పిన్నుకూ పై లోహానికీ మధ్య కొలవండి. 25 నుంచి 30 ఓమ్‌ల మధ్య వస్తే బాగుంది. 50 వస్తే ఒక పక్క టెర్మినేటర్ లేదు, లేదా ఆ పక్క తీగ తెగింది. అసలు రీడింగే రాకపోతే రెండు పక్కలా తెగినట్టు. బాగా తక్కువ వస్తే ఎక్కడో షార్ట్, లేదా మధ్యలో మూడో టెర్మినేటర్. తెగిన చోటు పట్టాలంటే కేబుల్‌ను సగం దగ్గర విడదీసి రెండు ముక్కలనూ వేరుగా కొలవండి, చెడ్డ సగాన్ని మళ్ళీ సగం చేయండి.

టీ నేరుగా కార్డుకే తగలాలి. టీకీ కార్డుకూ మధ్య మీటరు కేబుల్ వేసి కంప్యూటర్‌ను దూరంగా జరపడం కుదరదు, ఆ మీటరు ముక్క కొత్త ప్రతిబింబాలను పుట్టిస్తుంది. పొడవు 185 మీటర్లు దాటకూడదు, రెండు టీల మధ్య కనీసం అర మీటరు ఉండాలి, కంప్యూటర్లు 30కి మించకూడదు. టీవీ కేబుల్ చూడటానికి ఇలాగే ఉన్నా అది 75 ఓమ్‌లది, దాన్ని ఇందులో ముక్కగా కలపకండి.

టెర్మినేటర్ దొరకకపోతే తయారు చేసుకోవచ్చు. బీఎన్‌సీ ప్లగ్‌లో 100 ఓమ్‌ల, 1 శాతం తేడా గల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు రెంటిని పక్కపక్కన కలిపి, కాళ్ళు వీలైనంత పొట్టిగా కత్తిరించి అతకండి. పావు వాట్ రకం చాలు. తీగ చుట్టిన రెసిస్టర్ మాత్రం వద్దు. దాని విలువ 50 ఓమ్‌లే అయినా చుట్ల వల్ల ఇండక్టెన్స్ ఉంటుంది, వేగంగా మారే సిగ్నల్‌కు అది 50 ఓమ్‌లుగా కనిపించదు.

ప్రశ్న: గోడలో ఉన్న నెట్‌వర్క్ పోర్టుల్లో కొన్ని ఖాళీగా ఉన్నాయి. వాటికీ టెర్మినేటర్ పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. ఇప్పటి ఈథర్‌నెట్ కేబుల్ స్విచ్ నుంచి ఒక్క పరికరానికే వెళుతుంది, ప్రతి జతకూ కావలసిన 100 ఓమ్‌ల టెర్మినేషన్ రెండు వైపులా పరికరాల లోపలే ఉంది. ఖాళీ పోర్టు వల్ల పక్క పోర్టుకు నష్టం లేదు. ఈ రంగంలో ‘టెర్మినేషన్’ అంటే తీగల చివరలను జాక్‌లో బిగించే పని. ఆ పనిలోనూ ఇంపెడెన్స్ చెడవచ్చు: క్యాట్-5ఈ తీగల మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. నీట్‌గా కనిపిస్తుందని అంగుళాలకొద్దీ విప్పి సర్దితే అక్కడ 100 ఓమ్‌లు తప్పుతాయి, పక్క జత సిగ్నల్ కూడా చొరబడుతుంది.

ప్రశ్న: హార్డ్ డిస్కులకు వాడే పాత ఐడీఈ రిబ్బన్ కేబుల్‌కు టెర్మినేటర్ ఉండదు కదా. అయినా ఒకే హార్డ్ డిస్క్‌ను కొసనే తగిలించమంటారు. మధ్య కనెక్టర్‌కు పెడితే తప్పేమిటి?

జవాబు: టెర్మినేటర్ లేదు గనుకే అంత పట్టుదల. ఇక్కడ ప్రతిబింబాలను అణచడానికి చిప్ దగ్గరే 22, 33, 82 ఓమ్‌ల వంటి చిన్న రెసిస్టర్లను వరసలో పెడతారు. అవతలి కొస నుంచి తిరిగి వచ్చే అలను అవి మింగుతాయి. కొసనున్న డిస్క్‌కు అల వచ్చినప్పుడే పూర్తి ఎత్తు కనిపిస్తుంది. డిస్క్ మధ్యలో ఉండి కొస ఖాళీగా ఉంటే, మొదట సగం ఎత్తు, తోక కొసకు తగిలి తిరిగి వచ్చాక మిగతా సగం కనిపిస్తుంది. ఆ సగం మెట్టు సరిగ్గా ‘సున్నానా ఒకటా’ అనే సందిగ్ధ స్థానంలో పడుతుంది.

ఐడీఈలోని వేగవంతమైన పద్ధతి అల్ట్రా డీఎంఏలో సెకనుకు 33 మెగాబైట్లకు మించితే 80 తీగల కేబుల్ వాడాలి. కనెక్టర్లో పిన్నులు 40 మాత్రమే. అదనపు 40 తీగలూ గ్రౌండ్. ప్రతి సిగ్నల్ తీగ పక్కనా ఒక గ్రౌండ్ తీగ ఉండటంతో ఇంపెడెన్స్ నిలకడగా ఉంటుంది, పక్క తీగ గోల తగ్గుతుంది. నీలం కనెక్టర్ మదర్‌బోర్డుకు, నలుపు కొస డిస్క్‌కు, బూడిద రంగు మధ్య డిస్క్‌కు. కేబుల్ తిప్పి పెట్టకండి. 80 తీగల కేబుల్ అని గుర్తించేందుకు 34వ పిన్ను నీలం కనెక్టర్లోనే గ్రౌండయి ఉంటుంది. మొత్తం పొడవు 46 సెంటీమీటర్లు దాటకూడదు.

కేబుల్ తప్పిదాన్ని డిస్క్ స్వయంగా లెక్కపెడుతుంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ వివరాల్లో 199వ అంశం, సీఆర్‌సీ తప్పుల (దారిలో చెడిన డేటా) సంఖ్య చూడండి. అది పెరుగుతూ పోతుంటే డిస్క్ పళ్ళెం బాగానే ఉంది, దారిలోనే డేటా చెడుతోంది. కేబుల్ మార్చాక ఆ సంఖ్య తగ్గదు. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. డిస్క్ పోయిందని పారేసే ముందు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయండి.

ప్రశ్న: కంప్యూటర్ నుంచి ఆర్‌ఎస్-485 (రెండు తీగల మీద చాలా పరికరాలను కలిపే సీరియల్ పద్ధతి) తీగ మీద 12 పరికరాలను నడుపుతున్నాం. ప్రతి పరికరంలోనూ 120 ఓమ్‌ల స్విచ్ ఉంది, అన్నీ వేశాం. దగ్గరివి పనిచేస్తాయి, దూరానివి జవాబివ్వవు.

జవాబు: 120 ఓమ్‌లు పన్నెండు కలిస్తే 10 ఓమ్‌లు. డ్రైవర్ చిప్ 54 ఓమ్‌ల లోడు మీద కనీసం 1.5 ఓల్టులిచ్చేలా తయారైంది. 10 ఓమ్‌ల మీద ఆ ఓల్టేజి కుప్పకూలుతుంది, దూరం వెళ్ళేకొద్దీ మిగిలేదేమీ ఉండదు. తీగ రెండు కొసల్లోని స్విచ్‌లు మాత్రమే వేసి మిగతా పదీ తీసేయండి. కరెంటు ఆపి ఏ, బీ తీగల మధ్య కొలిస్తే సుమారు 60 ఓమ్‌లు రావాలి. తీగ ఒక పరికరం నుంచి ఇంకొకదానికి వరసగా వెళ్ళాలి. ఒకే చోటు నుంచి కొమ్మలుగా చీలితే కొసలు రెండుండవు, ఎక్కడ టెర్మినేటర్ పెట్టాలో తేలదు.

టెర్మినేటర్లు సరిచేశాక కొత్త ఇబ్బంది ఎదురుకావచ్చు. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ 60 ఓమ్‌లు రెండు తీగలనూ ఒకే ఓల్టేజికి తెచ్చేస్తాయి, అందుకునే చిప్ చెత్త అక్షరాలు చూపిస్తుంది. దీనికి ఒకే ఒక్క చోట, ఒక తీగ నుంచి 5 ఓల్టులకు 560 ఓమ్‌లు, రెండో తీగ నుంచి గ్రౌండుకు 560 ఓమ్‌లు పెట్టండి. అప్పుడు ఖాళీ సమయంలో తీగల మధ్య 0.25 ఓల్టు నిలుస్తుంది. చిప్‌కు కావలసింది 0.2 ఓల్టు.

అన్నట్టు, మీ తీగ 20 మీటర్ల లోపు ఉండి, వేగం 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) అయితే టెర్మినేటర్లు లేకుండానే నడవవచ్చు. ఒక బిట్ 104 మైక్రోసెకన్లుంటుంది, అల వెళ్ళి రావడానికి 0.2 మైక్రోసెకను. బిట్‌ను మధ్యలో చదివేసరికి ఊగులాట ఎప్పుడో అణిగిపోయి ఉంటుంది.

ప్రశ్న: ఒక వీజీఏ పోర్టు నుంచి వై ఆకారపు తీగతో రెండు మానిటర్లు పెట్టాను. రెండూ మసకగా ఉన్నాయి, అక్షరాల కుడి పక్కన నీడ కూడా పడుతోంది.

జవాబు: ప్రతి మానిటర్ లోపలా ఒక్కో రంగుకు 75 ఓమ్‌ల టెర్మినేషన్ ఉంటుంది. రెండు కలిస్తే 37.5. దాంతో 0.7 ఓల్టు రావలసిన చోట 0.47 వస్తుంది, బొమ్మ మసకబారుతుంది. ఇంపెడెన్స్ సరిపోక తిరిగే అలలే ఆ నీడ. 1024×768, 60 హెర్ట్జ్ దగ్గర ఒక్కో చుక్కకు 15.4 నానోసెకన్లు. 10 మీటర్ల కేబుల్‌లో అల వెళ్ళి రావడానికి 100 నానోసెకన్లు పడుతుంది కాబట్టి నీడ ఆరేడు చుక్కల దూరంలో కనిపిస్తుంది. వై తీగ తీసేసి, ప్రతి మానిటర్‌కూ వేరే డ్రైవర్ ఇచ్చే, సొంత పవర్ ఉన్న స్ప్లిటర్ పెట్టండి.

ప్రశ్న: నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో రెండే ర్యామ్‌లు పెడితే రెండోదీ నాలుగోదీ వాడమని మాన్యువల్ చెబుతోంది. దీనికీ టెర్మినేషన్‌కూ సంబంధముందా?

జవాబు: ఉంది. డీడీఆర్-2 తరం ర్యామ్ నుంచి డేటా తీగల టెర్మినేషన్ ర్యామ్ చిప్ లోపలే ఉంటుంది. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి తీగ మొదట దగ్గరి స్లాట్‌కూ, అక్కడి నుంచి దూరపు స్లాట్‌కూ వెళుతుంది. దగ్గరి దానిలో ర్యామ్ పెట్టి దూరపుది ఖాళీగా వదిలితే టెర్మినేషన్ దాటాక ఒక తెరిచిన తోక మిగులుతుంది. డీడీఆర్-4 3200 వేగంలో ఒక బిట్ 0.31 నానోసెకను. అంత సేపట్లో సిగ్నల్ బోర్డు మీద 5 సెంటీమీటర్లు కూడా పోదు, కాబట్టి రెండు మూడు సెంటీమీటర్ల తోక కూడా తర్వాతి బిట్ మీద పడుతుంది. కంప్యూటర్ మొదలవుతుంది గాని పూర్తి వేగానికి పోదు, లేదా మెమరీ పరీక్షలో తప్పులు చూపుతుంది. ర్యామ్ మార్చే ముందు స్లాట్ మార్చి, పరీక్షను కొన్ని గంటలు నడిపి చూడండి.